పత్తి పువ్వు, పత్తి గింజ: ఆచార్య టి.ఆర్. శేషాద్రి స్మారకోపన్యాసం

త్రిపురాంతకం కొండ దిగి మార్కాపురం దారి పట్టినా, ఎర్రగొండపాలెం దారి పట్టినా, వానకారులో పత్తి చేలు కంటబడకుండా ప్రయాణం సాగదు. మధ్య మధ్య మిరప, కంది. వెనకాల నల్లమల. ఆ చేలో ఒక ఆకు తుంచి ఎండకు ఎత్తి పట్టి చూస్తే, ఆకు నిండా సూదిమొనంత నల్లటి చుక్కలు కనిపిస్తాయి. కాడ మీదా అవే చుక్కలు, పచ్చి కాయ మీదా అవే. ఏదో తెగులు తగిలిందని కొత్తవాళ్లు కంగారుపడతారు. పొలం చేసేవాళ్లకు అవి పుట్టినప్పటి నుంచీ చూసిన చుక్కలే కనుక వాటి సంగతి ఎవరూ అడగరు.

దూది వలిచిన గింజను పదునైన కత్తితో నిలువునా చీలిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మీద నల్లటి గట్టి పెంకు, దాని మీద ఇంకా వదలని పొట్టి నూగు. లోపల లేత మీగడరంగు పప్పు. ఆ పప్పు మడతల్లో ఎక్కడ చూసినా ముదురు రంగు చుక్కలు. ఒక్కో చుక్కా ఒక చిన్న తిత్తి. నలిపితే లోపలి సరుకు పసుపు రంగులో బయటపడుతుంది. దాని పేరు గాసిపాల్. రసాయన శాస్త్రం లెక్క ప్రకారం అదొక పాలీఫినాల్. గ్రీన్ టీ డబ్బాల మీద, చాక్లెట్ ప్రకటనల్లో, ద్రాక్షగింజల క్యాప్సూల్ సీసాల మీద ఆరోగ్యానికి హామీగా అచ్చవుతున్న మాట కూడా అదే, పాలీఫినాల్. ఈ ఒక్క మొక్కలోనే, పువ్వులో ఒక రకం పాలీఫినాల్, గింజలో మరో రకం పాలీఫినాల్ ఉన్నాయి. మొదటిది మనిషికి హాని చేయదు. రెండోది ఒక దేశంలో ఊళ్లకు ఊళ్లను సంతానం లేకుండా చేసింది. రెండింటి రసాయనాన్నీ వేర్వేరు కాలాల్లో శోధించిన మనిషి ఆచార్య తిరువెంకట రాజేంద్ర శేషాద్రి. ఆయన స్మృతిలో మాట్లాడటానికి పత్తి కంటే తగిన వస్తువు దొరకదు, పత్తి గురించి మాట్లాడటానికి ఈ పడమటి ప్రకాశం కంటే తగిన చోటూ అక్కర్లేదు.

శేషాద్రి తెలుగువారు కారు. 1900 ఫిబ్రవరి 3న కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేశారు. ఆ రాబిన్సన్‌కే 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ వెళ్లి, మిల్లీగ్రాముల కొద్దీ పదార్థంతోనే విశ్లేషణ చేసే పద్ధతిని దాన్ని కనిపెట్టిన ఫ్రిట్స్ ప్రేగల్ దగ్గరే నేర్చుకున్నారు. తిరిగొచ్చాక కొంతకాలం కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న రోజుల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి రసాయన శాస్త్ర విభాగాన్ని చేపట్టారు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లేదాకా, అంటే సుమారు పదిహేనేళ్లు, ఆయన పని అంతా తెలుగునేల మీదే నడిచింది.

ఆయన వాల్తేరు వచ్చేనాటికి అక్కడి విశ్వవిద్యాలయం వయసు పదేళ్లు కూడా లేదు. ఖరీదైన పరికరాలు లేవు. ఎక్స్-రే స్ఫటిక విశ్లేషణ అందుబాటులో లేదు, ఎన్.ఎం.ఆర్. కలలోకి కూడా రాని కాలం. ఉన్నవల్లా గాజు సామాను, సారా, క్షారాలు, ఆమ్లాలు, ఓపిక ఉన్న విద్యార్థులు, చుట్టూ కావలసినన్ని పూలు. శేషాద్రి పూలనే ఎంచుకున్నారు. కె. నీలకంఠం మొదలైన సహచరులతో కలిసి పత్తి పూల రంగుల మీద 1930లలో వరసగా పరిశోధన పత్రాలు అచ్చువేశారు. కాంబోడియా పత్తి, ఉప్పం పత్తి, కరుంగణ్ణి పత్తి, ఇలా రకానికో పత్రం. పూరేకుల్ని ఎండబెట్టి, సారాలో మరిగించి, వడగట్టి, స్ఫటికాలుగా పేర్చుకుని, ఆ పదార్థపు అణువులో ఏ గుంపు ఎక్కడుందో తేల్చడం. చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి నెలలు.

వాళ్లు తేల్చినదాన్ని ఇవాళ హైస్కూలు పిల్లవాడికి కూడా చెప్పవచ్చు. పూలలోని ఆ రంగులు ఫ్లేవనాయిడ్లు అనే పాలీఫినాళ్లు; వాటి అస్థిపంజరంలో 15 కార్బన్లుంటాయి: ఇటు ఆరింటి వలయం, అటు ఆరింటి వలయం, మధ్యలో మూడింటి వంతెన. ఈ చట్రం మీద హైడ్రాక్సిల్ గుంపులు ఎన్ని, ఏ అంకె చోట తగిలాయన్నదాన్ని బట్టి పేరు మారుతుంది, రంగు మారుతుంది. ఉల్లిపాయలో బాగా ఉండే క్వెర్సెటిన్‌కు అయిదు హైడ్రాక్సిళ్లు. దానికి ఎనిమిదో స్థానంలో ఇంకొకటి తగిలిస్తే పత్తిపువ్వులోని గాసిపెటిన్. కెంఫెరాల్ అనే మరోదానికి అదే ఎనిమిదో స్థానంలో ఒకటి తగిలిస్తే హెర్బసెటిన్, అదీ పత్తిపువ్వులోదే. మిరిసెటిన్‌కు అదే చోట ఒకటి చేరిస్తే హిబిసెటిన్. ఈ మూడోది దొరికింది ఎక్కడో కాదు, గోంగూర పువ్వులో. చక్కెరతో జతకట్టి ఉన్న దాని రూపాన్ని, హిబిసిట్రిన్‌ను, పి. సూర్యప్రకాశరావు, శేషాద్రి 1942లో బయటపెట్టారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి, యుద్ధం పుణ్యమా అని విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. గోంగూర పువ్వు రసాయనం మాత్రం ఆగలేదు.

పత్తి, గోగు, బెండ, మందార అన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబం మొత్తం ఎనిమిదో స్థానం మీద మనసు పడ్డట్టు కనిపించడం శేషాద్రిని ఆకర్షించింది. మొక్క ముందు మామూలు చట్రాన్ని తయారుచేసుకుని ఆ తర్వాత వలయంలోకి ఇంకో హైడ్రాక్సిల్‌ను దింపుతుందని ఆయన ఊహ. ఆ ఊహను గాజు కుప్పెలో పరీక్షించడానికి క్షారంలో పర్‌సల్ఫేట్ కలిపి వలయాన్ని ఆక్సీకరించే పద్ధతిని ఆయన బృందం పదును పెట్టింది. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ వచ్చాయంటే అందులో వాల్తేరు పూల వాటా తక్కువేమీ కాదు.

ఈ రంగులు తింటే ఒంటికి ఏమవుతుంది? శేషాద్రి తరానికి ఇది ప్రధానమైన ప్రశ్న కాదు. ఈ తరానికి ఇదే ప్రశ్న.

1936లో హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జి నిమ్మజాతి పండ్ల ఫ్లేవనాయిడ్లకు విటమిన్-పి అని పేరు పెట్టాడు. రక్తకేశనాళికలు చిట్లకుండా అవి కాపాడతాయని ఆయన నమ్మకం. తర్వాత ప్రయోగాలు నిలబడక 1950 నాటికి ఆ పేరు ఎత్తేశారు. అవి లేకపోతే వచ్చే జబ్బంటూ ఏదీ తేలలేదు. మళ్లీ 1993లో నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ అనే ఊరి నుంచి ఒక అధ్యయనం వెలువడింది. 65 నుంచి 84 ఏళ్ల వయసున్న 805 మంది మగవాళ్లను పరిశీలిస్తే, ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తిన్నవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. వాళ్లు తిన్నది రోజుకు సగటున 26 మిల్లీగ్రాములే, అదీ టీ, ఉల్లిపాయ, యాపిల్ నుంచి. ఉల్లిపాయ తినేవాడు మిగతా కూరగాయలూ తింటాడు, ఆ వంటకు తగ్గ జీవితమూ బతుకుతాడు. కాబట్టి ఆ మేలు ఉల్లిలోని ఒక్క అణువుదేనని చెప్పడానికి వీల్లేదు. క్యాప్సూల్ అమ్మేవాళ్లు మాత్రం ఈ అభ్యంతరాన్ని సీసా మీద అచ్చువేయరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. నోట్లోకి వెళ్లినదంతా రక్తంలోకి వెళ్లదు. డచ్ శాస్త్రవేత్తలే 1995లో దీన్ని కొలిచారు. శస్త్రచికిత్సలో పెద్దపేగు తీసేసిన వలంటీర్లకు క్వెర్సెటిన్ ఇచ్చి చూస్తే, ఉల్లిపాయలో చక్కెరతో జతకట్టి ఉన్న రూపం సగానికి పైగా, అంటే 52 శాతం, ఒంటబట్టింది. విడిగా శుద్ధిచేసి ఇచ్చిన క్వెర్సెటిన్ 24 శాతమే. ఎన్నో మాత్రల్లో వాడే రూటిన్ రూపం 17 శాతం. ఒంటబట్టినదాన్ని కూడా పేగు గోడ, కాలేయం ఊరుకోవు. వెంటనే గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో తగిలించి బయటికి సాగనంపే పనిలో పడతాయి. పరీక్షనాళికలో చూపే యాంటీఆక్సిడెంట్ ప్రతాపం రక్తంలో కనిపించకపోవడానికి కారణం ఇదే. ఆహార పదార్థాలకు యాంటీఆక్సిడెంట్ మార్కులు వేసే ఓరాక్ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. ఆ అంకెల్ని వ్యాపారులు దుర్వినియోగం చేస్తున్నారని, వాటికీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదని కారణం చెప్పింది. సర్కారీ సంస్థ తన సొంత పట్టికను తానే చించేయడం అరుదు.

పువ్వు సంగతి ఇంతటితో చాలు. చిక్కంతా గింజలో ఉంది.

గాసిపాల్‌ను శుద్ధంగా తీసి ఆ పేరు పెట్టినది పోలండు రసాయనవేత్త మార్ఖ్‌లెవ్‌స్కీ, 1899లో. దాని నిర్మాణాన్ని అమెరికాలో రోజర్ ఆడమ్స్ 1938లో తేల్చాడు. 30 కార్బన్లు, 30 హైడ్రోజన్లు, 8 ఆక్సిజన్లు. ఆరు ఫినాల్ గుంపులు, రెండు ఆల్డిహైడ్లు. ఒకే అచ్చులో పోసిన రెండు సగాలు మధ్యలో ఒక్క బంధంతో అతుక్కుని ఉంటాయి. ఫ్లేవనాయిడ్ల పుట్టుకకూ దీని పుట్టుకకూ పోలిక లేదు. ఇది కర్పూరం, రోజనం వంటి టెర్పీన్ల దారిలో తయారవుతుంది. పాలీఫినాల్ అన్న మాట అణువు ఆకారానికి గుర్తు, గుణానికి యోగ్యతాపత్రం కాదు.

ఆ మధ్య బంధం మామూలుది కాదు. రెండు సగాల మీదా గుంపులు ఎంత ఒత్తుగా ఉన్నాయంటే, ఒక సగం రెండోదాని చుట్టూ పూర్తిగా తిరగలేదు, అడ్డం పడుతుంది. అందువల్ల గాసిపాల్ రెండు రూపాల్లో ఉంటుంది, కుడిచెయ్యి ఎడమచెయ్యిలాగా. పత్తి గింజలో రెండూ కలిసే ఉంటాయి. ఒక్క రూపమే దొరికే చెట్టు మరొకటుంది. అది మన ఊళ్లలో నీడ కోసం పెంచే గంగరావి. ఆ చెట్టులోని థెస్పెసిన్ అనే పదార్థం నిజానికి కుడివైపు రూపపు గాసిపాలేనని 1960ల చివర తేల్చినవారిలో శేషాద్రి ఉన్నారు. అప్పటికి ఆయన ఢిల్లీలో ఉన్నారు, ఎస్.సి. దత్తా, వి.వి.ఎస్. మూర్తి ఆయనతో కలిసి పనిచేశారు. వాల్తేరులో పత్తి పువ్వుతో మొదలైన పని మూడు దశాబ్దాల తర్వాత పత్తి గింజలోని అణువు దగ్గర తేలిందన్నమాట. ఈ కుడి ఎడమల తేడా పండితుల కాలక్షేపం కాదని కొన్నేళ్లకే తెలిసింది. మగజీవుల సంతానశక్తిని దెబ్బతీసేది ముఖ్యంగా ఎడమ రూపమే.

ఆ కథ చైనాది. అక్కడ కొన్ని పత్తి ప్రాంతాల్లో సోయా నూనెకు బదులు ఇంట్లోనే పిండిన పత్తి నూనెతో వండుకోవడం మొదలైంది. గింజల్ని ఉడికించకుండా, వేడి చేయకుండా, పచ్చిగానే పిండేవారు. జియాంగ్సు ప్రాంతంలోని ఒక పల్లెలో దాదాపు పదేళ్లపాటు పిల్లలే పుట్టలేదని లియు బావోషాన్ అనే వైద్యుడు 1957లో రాశాడు. ఇతర చోట్ల జనం ఒళ్లు మంటలు, తీవ్రమైన నీరసంతో ఆసుపత్రులకు వచ్చారు. కారణం నూనెలోని గాసిపాలని బయటపడింది. అక్కడితో ఆగితే అది ఒక విషాహార ఉదంతంగా మిగిలేది. చైనా ప్రభుత్వం మరో మాట అడిగింది: ఇది మగవాళ్లకు కుటుంబ నియంత్రణ మాత్రగా పనికిరాదా?

1970లలో ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్లకు గాసిపాల్ మాత్రలిచ్చారు. మొదట రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నెలలకు పైగా. ఆపైన తక్కువ మోతాదు. 99 శాతం మందిలో పనిచేసింది. హార్మోన్లను కదపకుండా, వీర్యకణాలు తయారయ్యే చోట వాటికి శక్తినిచ్చే వ్యవస్థను దెబ్బకొట్టడం దాని తీరు. ఇబ్బందులు రెండు వచ్చాయి. కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. మందు మానేసినా సుమారు పదిమందిలో ఒకరికి సంతానశక్తి తిరిగి రాలేదు. పనిచేసే మోతాదూ, హాని చేసే మోతాదూ పక్కపక్కనే ఉన్నప్పుడు దాన్ని మందనడం కష్టం. 1980లలో ఆ ప్రయత్నాన్ని విరమించారు. ఎడమ రూపాన్ని క్యాన్సరు కణాల మీద ప్రయోగించే పరీక్షలు అమెరికాలో తర్వాత జరిగాయి గానీ ఇంతవరకూ చికిత్సగా నిలదొక్కుకోలేదు.

చైనా పల్లెవాళ్ల పొరపాటు ఎక్కడుంది? వేడి లేకపోవడంలో. గింజను తడిపి, ఆవిరి మీద ఉడికించి, ఆ తర్వాత పిండితే, గాసిపాల్‌లోని ఆల్డిహైడ్ గుంపులు గింజలోని మాంసకృత్తుల్ని, అందులోనూ లైసిన్ అనే ఆమినో ఆమ్లాన్ని, గట్టిగా పట్టుకుంటాయి. అలా పట్టుబడ్డది నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదు. నూనెలోకి జారిన కాస్తా శుద్ధిచేసేటప్పుడు కలిపే క్షారానికి లొంగిపోతుంది. ఫినాల్ ఎంతైనా ఆమ్ల స్వభావం కలదే కదా. నల్లటి ఎరుపు రంగులో వచ్చే ముడి పత్తి నూనె ఈ దశ దాటాకే లేత బంగారు రంగుకు తేలుతుంది. అంగడిలో దొరికే శుద్ధిచేసిన పత్తి నూనెలో భయపడాల్సినంత గాసిపాల్ ఉండదు.

ఇక్కడ ఇవాళ్టి వాడుక గురించి ఒక మాట అనక తప్పదు. ఎద్దుగానుగ నూనె, చెక్కగానుగ నూనె, కోల్డ్ ప్రెస్డ్ నూనె అంటూ ఒంగోలు నుంచి గిద్దలూరు దాకా దుకాణాలు వెలుస్తున్నాయి. నువ్వులకు, వేరుసెనగకు, కొబ్బరికి ఆ పద్ధతి నప్పుతుంది; రుచీ బాగుంటుంది. వేడి తగలని నూనెలన్నీ మంచివి, శుద్ధిచేసినవన్నీ చెడ్డవి అనే సూత్రాన్ని పత్తి గింజ మీద వేస్తే మాత్రం చైనా పల్లెలో జరిగిందే జరుగుతుంది. రిఫైన్డ్ అన్న మాటను తిట్టుగా వాడే ఆరోగ్య ప్రవచనకారులు గుర్తుపెట్టుకోవలసిన మినహాయింపు ఇది.

పల్లెల్లో పత్తి గింజ మనిషి నోటికంటే బర్రె నోటికే ఎక్కువ చేరుతుంది. గింజల్ని నానబెట్టి, రుబ్బి, కుడితిలో కలిపి పాడి బర్రెకు పెట్టడం పాత అలవాటు. వెన్న బాగా పడుతుందని నమ్మకం, నమ్మకానికి ఆధారమూ ఉంది, ఎందుకంటే గింజలో అయిదో వంతు దాకా నూనే. ఎదిగిన బర్రెకు గాసిపాల్ వల్ల పెద్ద ప్రమాదం లేకపోవడానికి కారణం దాని పొట్ట. మొదటి గదిలో మేత పులిసేటప్పుడు అక్కడి మాంసకృత్తులు గాసిపాల్‌ను పట్టి బంధిస్తాయి. మోతాదు మితిమీరితే ఆ రక్షణా చాలదు. దూడకు అసలు ఆ గదే తయారై ఉండదు. దూడకు, పందికి, కోడికి ఈ విషయంలో తేడా లేదు: ఆకలి మందగిస్తుంది, ఊపిరి కష్టమవుతుంది, గుండె దెబ్బతింటుంది. పైకి ఏ సూచనా లేకుండా వారాల తరబడి పేరుకుని, ఒకనాడు ఉన్నట్టుండి పడిపోవడం దీని గుణం. ఆంబోతుల వీర్యం మీదా దీని దెబ్బ పడుతుంది.

కోడి విషయంలో ఒక వింత ఉంది. పచ్చి పత్తి చెక్క తిన్న పెట్ట పెట్టే గుడ్డును కొంతకాలం దాచి పగలగొడితే సొన ఆలివ్ ఆకుపచ్చగా ఉంటుంది. సొనలోని ఇనుముతో గాసిపాల్ కలవడం వల్ల వచ్చే రంగది. మేత తయారుచేసేవాళ్లు ఈ గుణాన్నే తిరగేసి వాడుకున్నారు. మేతలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఇనుము గాసిపాల్‌ను పేగులోనే కట్టిపడేస్తుంది. ఇనుముతో కలిసిపోవడం పాలీఫినాళ్లలో చాలావాటికి ఉన్న అలవాటు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే కూరలోని ఇనుము ఒంటబట్టకపోవడం వెనకా ఇదే రసాయనం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట పాలీఫినాల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని చెప్పేవాళ్ల మాట వినే ముందు ఆ అంకెను చూడాలి.

మొక్క ఈ విషాన్ని ఎందుకు మోస్తుంది? మన కోసం కాదు, మన మీద పగతోనూ కాదు. పురుగుల కోసం. ఈ సంగతి నిరూపించినది ఒక విఫలమైన మంచి ఆలోచన. అమెరికాలో మెక్‌మైకేల్ అనే పరిశోధకుడు చుక్కలు లేని పత్తిని 1950లలో రూపొందించాడు. ఆకులో గాసిపాల్ లేదు, గింజలో లేదు. గింజను వేయించుకుని తినవచ్చు. పొలంలో వేస్తే అంతకుముందు పత్తి వంక చూడని పురుగులు కూడా వచ్చి మేసిపోయాయి. పంట లేని చోట తినదగిన గింజ ఏం చేసుకోను? రైతులు దాన్ని ముట్టుకోలేదు.

అయినా గాసిపాల్ అజేయమేమీ కాదు. శనగపచ్చ పురుగు దాన్ని జీర్ణించుకునే ఎంజైములు పెంచుకుంది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను ముంచినది ఆ పురుగే. మందుల మీద మందులు కొట్టినా లొంగలేదు, అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి రావడానికి వెనక ఆ భయమే ఉంది. ఇప్పుడు గులాబీరంగు పురుగు బీటీనీ దాటేసింది. పురుగుకు రసాయనంతో నేర్పించిన పాఠం ఎప్పుడూ ఎక్కువకాలం నిలవలేదు.

చుక్కల చిక్కుముడిని విప్పినవాడు అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పనిచేసే భారతీయ శాస్త్రవేత్త కీర్తి రాథోర్. గాసిపాల్ తయారీలో మొదటి మెట్టయిన ఒక ఎంజైము జన్యువును గింజలో మాత్రమే నోరు మూయించాడు. ఆకు, కాడ, పువ్వు, పిందె తమ విషాన్ని తాము దాచుకుంటాయి, గింజ ఒక్కటే ఆ విషం నుంచి బయటపడుతుంది. 2006లో ఈ ఫలితం ప్రకటించాడు. మామూలు గింజలో పది లక్షల పాళ్లకు పదివేల పాళ్ల దాకా గాసిపాల్ ఉంటే ఈ రకంలో సుమారు 300. మనుషుల ఆహారానికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న హద్దు 600, అమెరికా పెట్టుకున్న హద్దు 450. అమెరికా వ్యవసాయ శాఖ 2018లో, ఆహార, ఔషధ సంస్థ 2019లో దీన్ని ఆమోదించాయి.

ఇంత శ్రమ ఎందుకంటే, పత్తి రైతు ఒక కిలో దూది పండిస్తే దానితోపాటు కిలోన్నరకు పైగా గింజ వస్తుంది. ఆ గింజలో అయిదో వంతుకు పైగా మాంసకృత్తులే. ప్రపంచంలో ఏటా వచ్చే పత్తి గింజలోని మాంసకృత్తులు యాభై కోట్ల మందికి సరిపోతాయని రాథోర్ లెక్క. గ్వాటెమాలాలో పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు జన్యుమార్పిడి ఊసే లేని 1950ల చివరలోనే, జాగ్రత్తగా వేడిచేసిన పత్తి గింజల పిండిని మొక్కజొన్నతో కలిపి ఇంకపరీనా అనే పిల్లల జావపిండిని తయారుచేశారు. అది ఎన్నో ఏళ్లు అక్కడి పేదపిల్లల కడుపు నింపింది. అందులో వేడికి బంధించిన గాసిపాల్‌తోపాటు కొంత లైసిన్ కూడా పోయిందన్నది దాని లోపం, ఆ లోపాన్ని వాళ్లు ముందే లెక్కలోకి తీసుకున్నారు. భారతదేశంలో జన్యుమార్పిడి ఆహారం మీద ఉన్న వాదాలు ఇక్కడ తేలేవి కావు. కానీ పత్తిలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న దేశం, గింజను నూనెకూ పశువుల దాణాకూ తప్ప మరి దేనికీ ఆలోచించకపోవడం సరికాదు. ఈ ప్రశ్నను పక్కనే నల్లమల అవతల ఉన్న నంద్యాల పత్తి పరిశోధన కేంద్రం, గుంటూరు లాం కేంద్రం చేపట్టవచ్చు.

శేషాద్రి 1975 సెప్టెంబరు 27న కన్నుమూశారు. ఆయన పత్రాల్లో ఆరోగ్యం గురించిన హామీలు వెతికినా కనబడవు. ఏ పువ్వు, ఎన్ని గ్రాములు, ఏ ద్రావకం, స్ఫటికం ఎన్ని డిగ్రీల దగ్గర కరిగింది, ఇవే ఉంటాయి. ఇప్పుడు పాలీఫినాళ్ల పేరుతో వచ్చే వార్తలకు ఆ కొలతే పెట్టాలి: ఏ అణువు, ఎంత మోతాదు, ఎవరికిచ్చారు, రక్తంలో ఎంత తేలింది.

త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం, దోర్నాల, మార్కాపురం పత్తి రైతులకు ఈ ఉపన్యాసం నుంచి పట్టుకెళ్లవలసినవి మూడే మాటలు. నాలుగు నెలల లోపు దూడలకు పత్తి గింజ గానీ చెక్క గానీ పెట్టవద్దు. పాడి బర్రెలకు పెట్టేటప్పుడు ఉడికించి, మితంగా, పచ్చిమేతతో కలిపి పెట్టండి. ఎంత పెట్టాలో మీ పశువైద్యుణ్ని అడగండి. పత్తి నూనెను గానుగలో ఆడించుకుని వంటకు వాడవద్దు, శుద్ధిచేసినదే కొనండి.